మా ల్యాబ్‌లో ఇంకా 2018 నడుస్తోంది: ఇంజినీరింగ్, పాలిటెక్నిక్ కళాశాలల పెద్దలకు బహిరంగ లేఖ

ఉమ్మడి వరంగల్ జిల్లాలోని ఇంజినీరింగ్, పాలిటెక్నిక్ కళాశాలల యాజమాన్యాలకు, ప్రిన్సిపాళ్లకు, కంప్యూటర్ సైన్స్ విభాగాధిపతులకు,

నమస్కారం. నేను ఈ ప్రాంతంలోనే ఒక ఇంజినీరింగ్ కళాశాలలో పన్నెండేళ్లుగా ల్యాబ్ ప్రోగ్రామర్‌గా పనిచేస్తున్నాను. ఈ లేఖలోని విషయాన్ని గత రెండేళ్లలో మూడుసార్లు మా పెద్దలకు రాతపూర్వకంగా విన్నవించుకున్నాను. మొదటి కాగితం మీద "చూద్దాం" అని రాసి పంపారు. రెండోదానికి జవాబు లేదు. మూడోసారి పిలిపించి కూర్చోబెట్టి, "నడుస్తున్నయి కదమ్మా, ఎందుకు కెలుకుడు?" అన్నారు. పక్క కళాశాలల్లో ఇదే పనిచేసే వాళ్లను అడిగితే వాళ్లకూ దాదాపు ఇదే జవాబు వచ్చిందన్నారు. అందుకే ఇక ఒక్క కళాశాలకు కాకుండా అందరికీ కలిపి బహిరంగంగా రాస్తున్నాను.

విషయం ఇది. మా ల్యాబ్‌లోని మెషిన్ల మీద ఉన్నది ఉబుంటు 18.04 అనే ఆపరేటింగ్ సిస్టమ్. అది 2018 ఏప్రిల్ 26న విడుదలైంది. దానికి ఉచితంగా ఇచ్చే మామూలు సపోర్టు 2023 మే 31తో ముగిసింది. దాని తర్వాతి 20.04కు కూడా 2025 మే 31తో గడువు తీరింది. మెషిన్ ఆన్ అవుతుంది, స్క్రీన్ వెలుగుతుంది, 'హలో వరల్డ్' ప్రింట్ అవుతుంది. అందుకే బయటి నుంచి చూసేవాళ్లకు అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. లోపలున్న లైబ్రరీలు (ప్రోగ్రాములు వాడుకునే రెడీమేడ్ కోడ్) మాత్రం ఆ ఏడాదివో, అంతకు ముందువో. విద్యార్థి రాసిన ప్రోగ్రాముకు కొత్త లైబ్రరీ కావాలి, మెషిన్‌లో పాతది ఉంది. ప్రోగ్రామును మెషిన్ భాషలోకి మార్చే కంపైలర్ మాత్రం "మీ ల్యాబ్ పాతది" అని చెప్పదు. విద్యార్థి రాసిన లైను నంబరు చూపించి ఎర్రటి అక్షరాల్లో ఎర్రర్ వేస్తుంది. ఆ ఎర్రర్‌ను చూసిన పిల్లవాడు, చూసిన సారు, చూసిన ఎక్స్‌టర్నల్ (బయటి నుంచి వచ్చే పరీక్షకుడు) ముగ్గురూ తప్పు పిల్లవాడిదే అనుకుంటారు. నా బాధ అక్కడే.

జరిగింది ఒకటి చెప్తాను. పరకాల వైపు ఊరి నుంచి వచ్చే ఫైనలియర్ అబ్బాయి. వాళ్ల నాన్న మిర్చి రైతు. ఎనుమాముల మార్కెట్‌కు బస్తాలు తెచ్చిన రోజు ఎవరి లాట్ ఏదో వెతుక్కోవడానికి పడే తిప్పలు చిన్నప్పటి నుంచి చూశాడు. బస్తా మీద క్యూఆర్ చీటీ అంటించి, కెమెరాతో చదివి, రైతు పేరు, తూకం చూపించే ప్రాజెక్టు చేశాడు. వాళ్ల బావ దగ్గరున్న ల్యాప్‌టాప్‌లో ఉబుంటు 22.04 మీద, బొమ్మలను చదివే ఓపెన్‌సీవీ లైబ్రరీ వాడి, సీ ప్లస్ ప్లస్‌లో రాశాడు. అక్కడ చక్కగా నడిచింది. ల్యాబ్‌కు తెచ్చి కంపైల్ చేస్తే "క్యూఆర్‌కోడ్‌డిటెక్టర్ ఈజ్ నాట్ ఎ మెంబర్ ఆఫ్ సీవీ" అని వచ్చింది.

ఆ ఎర్రర్ చదివితే ఎవరికైనా స్పెల్లింగ్ తప్పేమో అనిపిస్తుంది. సారు కూడా అదే చెప్పారు: "స్పెల్లింగ్ చూసుకో." నాలుగు రోజులు చూసుకున్నాడు. పెద్దక్షరం చిన్నక్షరం మార్చాడు, హెడర్లు (ప్రోగ్రాము మొదట్లో చేర్చే ఫైళ్లు) మార్చాడు, ప్రోగ్రాము మొత్తం కొట్టేసి మళ్లీ టైప్ చేశాడు. ఐదో రోజు నా దగ్గరికి వచ్చి, "నాతోని కాదు మేడం, నేను టాపిక్ మార్చుకుంట" అన్నాడు. అదే రాత్రి వాళ్ల అమ్మ ఫోన్ చేసింది. "మేడం, పోరడు అన్నం తింటలేడు, ఏమైందో జెర చూడరాదు" అని.

మరునాడు నేను చేసిన మొదటి పని ఒక్క కమాండ్ కొట్టడం. లైబ్రరీల వివరాలు చెప్పే పీకేజీ-కాన్ఫిగ్‌ను ఓపెన్‌సీవీ వెర్షన్ అడిగితే 3.2.0 అని చెప్పింది. అది 2016 డిసెంబరు నాటి లైబ్రరీ. ఆ పిల్లవాడు వాడిన క్యూఆర్ డిటెక్టర్ అందులో పుట్టనే లేదు. 2018 నవంబరులో వచ్చిన ఓపెన్‌సీవీ 4.0లో అది ఉంది. బావ ల్యాప్‌టాప్‌లో ఉన్నది 4.5. లేని వస్తువును పేరు పెట్టి పిలిస్తే కంపైలర్ "లేదు" అనే చెప్పింది. స్పెల్లింగ్ మొదటి రోజు నుంచీ సరిగ్గానే ఉంది.

కారణం తెలిసినా పని అక్కడితో తీరలేదు. విద్యార్థులకు అడ్మిన్ పాస్‌వర్డ్ ఇవ్వకూడదన్నది నియమం, అది మంచి నియమమే. అందుకని ఓపెన్‌సీవీ 4 సోర్సు (మూల కోడ్) తెచ్చి, అతని హోమ్ డైరెక్టరీలోనే బిల్డ్ చేయించాను. పాత ఐ3 మెషిన్ మీద మధ్యాహ్నం మొదలుపెడితే కాలేజీ బస్సు పోయే వేళకు గానీ కాలేదు. ఆ తర్వాత మూడు అడ్డంకులు. బిల్డ్‌ను నడిపించే సీమేక్ మళ్లీ పాత 3.2నే పట్టుకుంది. ఓపెన్‌సీవీ డైరెక్టరీ ఎక్కడుందో వేలు పెట్టి చూపించాల్సి వచ్చింది. చూపించినా వినలేదు, ఎందుకంటే మొదటిసారి కనుక్కున్న దారిని అది క్యాష్ ఫైల్లో రాసుకుంటుంది. బిల్డ్ ఫోల్డర్ మొత్తం తుడిచేసి మొదటి నుంచి చేస్తే అప్పుడు కంపైల్ అయింది. తీరా నడిపిస్తే "షేర్డ్ ఆబ్జెక్ట్ ఫైల్ తెరవలేకపోతున్నాను" అని ఇంకో ఎర్రర్. కంపైల్ చేసేటప్పుడు చూపిన చోటు, నడిపేటప్పుడు లైబ్రరీలను తెచ్చి కలిపే లోడర్‌కు తెలియదు. లైబ్రరీ పాత్ వేరియబుల్ పెడితే, అప్పుడు బస్తా మీది చీటీని కెమెరా చదివింది.

ఆ అబ్బాయి గట్టెక్కాడు. అదే వారం ఇంకో ఇద్దరు టాపిక్ మార్చుకున్నారని నాకు ఆలస్యంగా తెలిసింది. వాళ్ల ఎర్రర్ ఏమిటో ఎవరూ చూడలేదు.

ఇది ఒక్క ఓపెన్‌సీవీ సంగతి కాదు. ఫైల్ సిస్టమ్ హెడర్ చూడండి. సీ ప్లస్ ప్లస్ 17లో అది ప్రమాణంగా వచ్చింది, క్లాసులో చెప్తున్నారు కూడా. మా ల్యాబ్‌లో ఇన్‌క్లూడ్ చేస్తే "నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ." మా దగ్గర డిఫాల్ట్‌గా ఉన్న కంపైలర్ జీసీసీ 7.5. ఆ హెడర్ వచ్చింది జీసీసీ 8తో. అది విడుదలైంది 2018 మే 2న, అంటే మా ఉబుంటు బయటికి వచ్చిన ఆరు రోజులకు. ఆ ఆరు రోజుల తేడాను మా పిల్లలు ఇన్నేళ్లుగా మోస్తున్నారు. పక్కన జీసీసీ 8 వేసుకునే వీలు ఉంది. దానికీ పాస్‌వర్డ్ కావాలి, అనుమతి కావాలి. ఆ అనుమతి కోసమే నేను రాసిన మొదటి కాగితం.

ఇంకో రకం తప్పు ఉంది. అన్నిటికన్నా మొండిది అదే. ఎప్పుడో చదివి వెళ్లిపోయిన బ్యాచ్ వాళ్లు ఏదో ప్రాజెక్టు కోసం సోర్సు నుంచి ఒక లైబ్రరీ కట్టి లోకల్ డైరెక్టరీలో పెట్టి పోతారు. తర్వాత ఎవరో ప్రోగ్రాము ఫైలు తీసేసి హెడర్లు అక్కడే వదిలేస్తారు. ఆ సంగతి ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు. మా 17వ నంబరు మెషిన్‌లో ప్రోటోబఫ్ అనే లైబ్రరీ ఇలాగే దాక్కుంది. ఒక అమ్మాయి కంపైల్ చేస్తే, "ఈ ఫైలును మీ హెడర్లకన్నా కొత్త ప్రోటోక్ (ప్రోటోబఫ్ సొంత కంపైలర్) తయారుచేసింది, హెడర్లు అప్‌డేట్ చేయండి" అని వచ్చింది. ఎర్రర్‌లలో ఇంత సూటిగా చెప్పేవి తక్కువ. చెప్పినట్టే నేను ప్యాకేజీ తీసి మళ్లీ వేశాను. రెండుసార్లు వేశాను. ఎర్రర్ కదలలేదు. జీసీసీ హెడర్ల కోసం ముందు లోకల్ ఇన్‌క్లూడ్ డైరెక్టరీలో వెతుకుతుంది, ఆ తర్వాతే మామూలు ఇన్‌క్లూడ్‌లో. మేం వేసిన కొత్తది రెండో చోట ఉంది, పాతది మొదటి చోట కూర్చుంది. జీసీసీకి పెద్ద హెచ్ ఆప్షన్ ఇచ్చి కంపైల్ చేస్తే ఏ హెడర్‌ను ఏ దారిలో నుంచి తీసుకుంటోందో వరసగా చూపించింది. పాత ఫోల్డర్ తీసేశాక ఒక్క నిమిషంలో కంపైల్ అయింది. ఆ అమ్మాయి అప్పటికి రెండు ల్యాబ్ సెషన్లు పోగొట్టుకుంది.

దీనివల్ల ఎవరికి ఏం పోతోందో మీ ముందు పెడుతున్నాను.

1. ఎక్కువ దెబ్బ సొంత ల్యాప్‌టాప్ లేని పిల్లలకే. హనుమకొండలో రూము తీసుకుని, మంచి ల్యాప్‌టాప్ ఉన్న విద్యార్థికి మా ల్యాబ్ పాతదైనా పెద్ద నష్టం లేదు, రూముకు పోయి చేసుకుంటాడు. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు ఊళ్ల నుంచి వచ్చి, సాయంత్రం బస్సు అందుకోవాల్సిన పిల్లలకు మన ల్యాబే కంప్యూటర్. వాళ్లకు వేరే మెషిన్ మీద పోల్చి చూసుకునే అవకాశమే లేదు. అందుకే తప్పు మెషిన్‌ది అన్న అనుమానం కూడా రాదు, తమకే రాదని అనుకుంటారు. మొదటి తరం చదువుకుంటున్న పిల్లలకు ఆ మాట మనసులో పడితే పోదు. కోడింగ్ ఉద్యోగాల వైపు చూడటమే మానేసిన వాళ్లను నా కళ్లతో చూశాను.

2. మార్కులు పోతున్నాయి. ప్రాక్టికల్ రోజు ప్రోగ్రాము కంపైల్ కాకపోతే ఎక్స్‌టర్నల్‌కు కనిపించేది ఎర్రర్ ఒక్కటే.

3. తెలిసీ తెలియని మరమ్మతులతో మెషిన్లు పాడవుతున్నాయి. ఇంట్లో 22.04 మీద కంపైల్ చేసిన ఫైలును పెన్‌డ్రైవ్‌లో తెచ్చి మా దగ్గర నడిపితే "గ్లిబ్‌సీ 2.34 నాట్ ఫౌండ్" అంటుంది. మా దగ్గర ఉన్న గ్లిబ్‌సీ (సిస్టమ్ మూల లైబ్రరీ) 2.27. పాత సిస్టమ్ మీద కట్టింది కొత్తదాని మీద నడవవచ్చు గానీ, కొత్తదాని మీద కట్టింది పాతదాని మీద నడుస్తుందన్న నమ్మకం లేదు. సరైన పని సోర్సు తెచ్చి ఇక్కడే మళ్లీ కంపైల్ చేయడం. అది చెప్పేవాళ్లు లేక, పోయినేడు ఒక విద్యార్థి ఎలాగో పాస్‌వర్డ్ సంపాదించి గ్లిబ్‌సీ ఫైలునే కొత్తదానితో మార్చాడు. సిస్టమ్‌లో దాదాపు ప్రతి ప్రోగ్రామూ దాని మీదే నిలబడుతుంది. ఆ క్షణం నుంచి చిన్న చిన్న కమాండ్లు కూడా పనిచేయలేదు, మళ్లీ బూట్ కాలేదు. అతనికి ఫైన్ వేశారు. పాస్‌వర్డ్ విషయంలో అతను చేసింది తప్పే, దాన్ని నేను సమర్థించను. కానీ ఆ తప్పు దాకా అతన్ని తోసింది ఏమిటో ఎవరూ అడగలేదు.

4. రోజూ వాడే పనిముట్లే తప్పుకుంటున్నాయి. 2024 ఫిబ్రవరిలో వచ్చిన వీఎస్ కోడ్ (కోడ్ రాసే ఎడిటర్) 1.86కు కనీసం గ్లిబ్‌సీ 2.28 కావాలి. ఒక్క మెట్టు కింద ఉన్నందుకు 18.04 మెషిన్లు ఆగిపోయాయి. జావాస్క్రిప్ట్ నడిపే నోడ్ 18 కూడా అంతే.

5. సపోర్టు ముగిసిన సిస్టమ్‌లకు భద్రతా సవరణలు మామూలుగా రావు. ఆ మెషిన్ల మీదే పిల్లలు పరీక్ష ఫీజులు కడుతున్నారు, స్కాలర్‌షిప్ దరఖాస్తుల్లో ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లు కొడుతున్నారు. ఇది ఒక్కటి చాలదా?

"నడుస్తున్నదాన్ని కదిలిస్తే పాత ల్యాబ్ మాన్యువల్ ప్రోగ్రాములు ఆగిపోతాయి" అన్న భయం మీకు ఉంది. అందులో నిజం ఉంది, దాచను. జీసీసీ 10 నుంచి ఒకే గ్లోబల్ వేరియబుల్‌ను రెండు ఫైళ్లలో డిక్లేర్ చేసి వదిలేస్తే, కంపైలైన ముక్కలను కలిపే లింకర్ "మల్టిపుల్ డెఫినిషన్" అని ఆపేస్తుంది. పాత కంపైలర్లు చూసీ చూడనట్టు ఊరుకునేవి. మా మాన్యువల్‌లో అలాంటివి కొన్ని ఉన్నాయి. ఒకచోట ఎక్స్‌టర్న్ అని చేరిస్తే సరిపోతాయి. కంపైలర్ డిజైన్ ల్యాబ్‌లోని లెక్స్, యాక్ ప్రోగ్రాములను ఇంట్లో 22.04 మీద వేసి చూశాను. చిన్న చిన్న హెచ్చరికలు తప్ప ఆగలేదు. ఈ దిద్దుబాట్లకు రెండు మూడు రోజులు పడతాయి. సెమిస్టర్ మధ్యలో చేయమని నేను అడగడం లేదు.

డబ్బు సంగతి. ఉబుంటుకు లైసెన్సు ఫీజు లేదు. అరవై మెషిన్లకు అరవైసార్లు డౌన్‌లోడ్ చేయాల్సిన పనీ లేదు. ఒక మెషిన్ మీద ఏపీటీ క్యాష్ సర్వర్ పెడితే ఒక్కసారి దిగిన ప్యాకేజీ మిగతా అన్నిటికీ అందుతుంది. ఒక మెషిన్‌ను పద్ధతిగా తయారుచేసి, క్లోన్‌జిల్లాతో దాని ప్రతిని ల్యాబ్ నెట్‌వర్క్ మీద అన్నిటికీ వేయవచ్చు. ర్యామ్ తక్కువున్న వాటికి ఉబుంటు తేలిక రూపం లుబుంటు ఉంది. కావాల్సింది మనుషుల సమయం, ఒక అనుమతి.

కాబట్టి మేం అడుగుతున్నవి ఇవి.

1. సపోర్టు ముగిసిన 18.04, 20.04 మెషిన్లను ఈ వేసవి సెలవుల్లోనే మార్చండి. 24.04కు 2029 దాకా గడువు ఉంది. 18.04 నుంచి అక్కడికి ఒక్క దూకులో పోలేం, మధ్యలో 20.04, 22.04 మెట్లు ఎక్కాలి. అందువల్ల ఫైళ్లు బ్యాకప్ తీసి కొత్తగా ఇన్‌స్టాల్ చేయడమే మేలు.

2. ప్రతి ల్యాబ్ తలుపు మీద ఒక కాగితం అంటించండి. అందులో ఉబుంటు, జీసీసీ, గ్లిబ్‌సీ, సీమేక్, పైథాన్, ఓపెన్‌సీవీ వెర్షన్లు, చివరిసారి చూసిన తేదీ ఉండాలి. విద్యార్థి ప్రాజెక్టు మొదలుపెట్టే రోజే తనకు కావాల్సింది ఇక్కడ ఉందో లేదో తెలుసుకుంటాడు. పైన చెప్పిన అబ్బాయికి ఈ కాగితం ఉండి ఉంటే ఆ నాలుగు రోజులు మిగిలేవి.

3. ప్యాకేజీల ద్వారా కాకుండా సోర్సు నుంచి ఏది వేసినా రిజిస్టర్‌లో రాయాలి. ఎవరు, ఏ మెషిన్, ఏ లైబ్రరీ, ఏ వెర్షన్, ఎక్కడ పెట్టారు అన్నవి ఉండాలి. బ్యాచ్ వెళ్లిపోయేటప్పుడు దాన్ని తీసేయాలి.

4. ప్రోగ్రాము కంపైల్ కాకపోవడానికి ల్యాబ్‌లోని పాత లైబ్రరీయే కారణమని తేలితే మార్కులు కోయకూడదు. సొంత ల్యాప్‌టాప్ మీదో, వేరే మెషిన్ మీదో చూపించే అవకాశం ఇవ్వాలి. తేల్చడం కష్టం కాదు, వెర్షన్ అడిగే ఒక్క కమాండ్ చాలు. ఎక్స్‌టర్నల్ వచ్చిన రోజు ల్యాబ్ ప్రోగ్రామర్ మాటకు విలువ ఉండాలి. ఈ ఒక్క కోరికకు వేసవి దాకా ఆగనక్కర్లేదు, రేపటి ప్రాక్టికల్ నుంచే అమలు చేయవచ్చు.

5. మొదటి సంవత్సరం మొదటి వారంలో ఒక క్లాసు ఎర్రర్ చదవడం మీద పెట్టండి. హెడర్ దొరకకపోతే వచ్చేది ఏది, "అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్" అని లింకర్ అనేది ఎప్పుడు, నడిపేటప్పుడు లైబ్రరీ దొరకనిది ఎప్పుడు, ప్రోగ్రాముకు ఏ లైబ్రరీలు కావాలో చూపే ఎల్‌డీడీతో ఏం చూడాలి అన్నవి నేర్పాలి. మొదటి ఎర్రర్ నుంచి చదవాలని, కింది యాభై దాని వెంట వచ్చినవే కావచ్చని చెప్పాలి. సార్లకు వీలు కాకపోతే ఆ క్లాసు మేం చెప్తాం.

6. ఒక్క మెషిన్‌ను ప్రయోగాలకు విడిచిపెట్టండి. పాడైతే క్లోన్ ప్రతి తిరిగి వేసుకోవచ్చు. అడ్మిన్ హక్కులు దొంగతనంగా సంపాదించే అవసరం పిల్లలకు రాకూడదు.

ఈ లేఖకు మే నెల మొదటి వారంలోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలని కోరుతున్నాను. కుదరదు అనే పక్షంలో ఎందుకు కుదరదో అదే కాగితం మీద రాయండి. విద్యార్థులు, తల్లిదండ్రులు అడిగితే చూపించడానికి మా దగ్గర ఏదో ఒకటి ఉండాలి.

పరీక్షలు అయ్యాక ల్యాబ్‌లు మూడు వారాలు ఖాళీగా ఉంటాయి. ఇన్‌స్టాల్ చేయాల్సిన పెన్‌డ్రైవ్‌లు తయారుగా ఉన్నాయి, మాన్యువల్‌లో దిద్దాల్సిన ప్రోగ్రాముల జాబితా రాసి పెట్టాను. సాయం చేస్తామని నలుగురు పాత విద్యార్థులు ముందుకు వచ్చారు. వాళ్లలో క్యూఆర్ చీటీల అబ్బాయి ఒకడు. ల్యాబ్ తాళంచెవి నా దగ్గరే ఉంది. మీ సంతకం కావాలి.

ఇట్లు,
ఒక ల్యాబ్ ప్రోగ్రామర్,
హనుమకొండ